పిండి తాయారు మీద పొద్దు

నమోదు 1

పదకొండో వరసలో కాపురముండు పెద్దలకూ, పిన్నలకూ, వారి కోళ్లకూ, వారి గోడల మీది బల్లులకూ టముకు వేసి చాటునదేమనగా: టముకు గవర్రాజు అను నేను, నా పడకగదిలో ఇన్నాళ్లూ తలవైపు ఉండిన దిండును కాళ్లవైపునకును, కాళ్లవైపు ఉండిన చెంబును తలవైపునకును మార్చియున్నాను. ఇందువలన లోకమునకు ఏ కీడూ వాటిల్లదనియు, అభ్యంతరము గలవారు నేరుగా చెంబుతోనే మాట్లాడుకొనవచ్చుననియు తెలియజేయడమైనది. డమడమ.

గది మార్చుకోవాలంటే దినచర్య రాసి ఇవ్వాలని గోడల కమిటీ రూలు. మొదలు గంభీరంగా ఉండాలని ఇన్‌స్పెక్టర్ విశ్వేశ్వరం గారు మరీ మరీ చెప్పారు. ఇంతకంటే గంభీరం నా దగ్గర లేదు. ఆరో తరగతి రెండుసార్లు చదివినవాణ్ని. రెండోసారి కూడా అదే పుస్తకం ఇచ్చారు, విసుగొచ్చి మానేశాను.

అసలు సంగతికి వస్తాను. మా ఆవిడ మంగతాయారు కుళాయి దగ్గర నాచు మీద జారి తుంటి విరగ్గొట్టుకుంది. మా ఊరంతా ఓ పెద్ద రాతి నూతి, దాని గోడల్లోనే వరసకో నడవ, నడవ పొడుగునా కాపురాలు. నడవలో అట్లు పోసే తాయారు అంటే ఈ నూతిలో తెలియనివాళ్లు లేరు. ఇప్పుడు మంచం మీద వేసిన చెక్క పలక మీద పడుకుని, కాలికి ఇసుక సంచి వేలాడేసుకుని ఉంది. డాక్టరమ్మ నన్ను బయటికి పిలిచింది.

"ఎముక గుల్లబారిపోయింది గవర్రాజు గారూ. ఒంటికి పొద్దు తగిలితేనే అతుకుతుంది."

"మోసుకెళ్లి పొద్దులో పడుకోబెడతానండి."

"కదిపితే అతకదు."

"కదపకపోతే పొద్దు తగలదు కదండీ."

"తగలకపోయినా అతకదు" అంది. చాలా చదువుకున్న మనిషి.

మాది రెండు గదుల కొంప. ముందు వంటగది, వెనక పడకగది. రెండూ రాతిలో తొలిచినవే, మంచం కూడా కింద గూడు తొలిచిన రాతి అరుగే. నూతి ఎదురుగోడ మీద మా వరసకని బిగించిన అద్దం నుంచి పొద్దు నూతిని దాటి వచ్చి, మా వంటగది గోడ మీద కాసేపు కూర్చుని పోతుంది. ఇన్నేళ్లూ ఆ వైభవాన్ని మా పోపుల డబ్బా అనుభవించింది. తాయారు ఆ గోడకి అవతల ఉంది. పలక వంటగదిలోకి తెద్దామంటే గుమ్మంలో తిరగదు. అందుకే తల ఎటుపెడితే వెలుగు కాస్త ఎక్కువ ఉంటుందోనని, తాయారుని కదపకుండా దిండు ఒక్కటే మార్చి చూశాను. గోడ గోడలాగే ఉంది.

నమోదు 2

గోడకి కన్నం కొట్టాలి. పోపుల డబ్బా మీద పడే పొద్దు ఆ కన్నంలోంచి దూరి, లోపల తాయారు మీద పడాలి. ఇంతే. ఇంత చిన్న మాట చెప్పడానికి కమిటీ ముందు అరపూట నిలబడ్డాను.

"చిట్టిల్లు ఏదీ?" అన్నారు విశ్వేశ్వరం గారు.

చిట్టిల్లు లేకుండా ఇక్కడ మేకు కూడా కొట్టనివ్వరు. మన ఇంటిని అడుగుకి అంగుళం లెక్కన అట్టతో చేసి, పైన నమూనాల అరుగు మీద పెట్టాలి. అక్కడ ఒక్కో వరసకి ఒక్కో చోటు గీసి ఉంటుంది. మన వరసలోకి పొద్దు ఏ వాలున వస్తుందో ఆ చోటులోకీ అదే వాలున వస్తుంది. సామాను పెట్టకపోయినా ఊరుకుంటారు గాని, మనుషుల్ని మాత్రం పిండితో చేసి పెట్టి తీరాలి. మనిషి మీద పడని పొద్దు లెక్కలోకి రాదు.

పక్కింటి సూరమ్మక్క గుమ్మంలో నిలబడి గొంతు తగ్గించి, "ఇదంతా ఎందుకురా? ఓ అద్దం ముక్క సంపాదించి పొయ్యి మీద పెడితే పోయేదానికి" అంది.

"నీ దగ్గరుందా అక్కా?"

"నా దగ్గరెందుకుంటదిరా. మాటవరసకి అన్నాను." వెంటనే ఇంట్లోకి పోయింది.

అద్దం దొరికితే ఆ ఇంటికి పొద్దు ఆపేస్తారు. పొద్దుని పక్కదారి పట్టించడం కంటే పెద్ద దొంగతనం ఇక్కడ లేదు. మెరిసే పళ్లెం ఉన్నా తప్పే, అందుకే అందరం మట్టి కంచాల్లో తింటాం. ముఖం ఎలా ఉందో ఇంట్లోవాళ్లని అడిగి తెలుసుకుంటాం. కాబట్టే ఈ నూతిలో మొగుళ్లందరూ అందగాళ్లు.

నమోదు 3

చిట్టిల్లు పూర్తయింది. పొయ్యి, పోపుల డబ్బా, చెంబు కూడా చేశాను. కన్నం ఎక్కడ కొట్టాలో అట్ట మీద అక్కడే కోశాను. పిండి కలుపుతుంటే లోపల్నించి తాయారు పిలిచింది.

"నన్నెలా చేస్తున్నారు?"

"ఉన్నదున్నట్టు."

"ఎలా ఉన్నానేంటి?"

"ఎలా ఉంటావు, ఎప్పట్లాగే. పోసిన అట్లలో సగం జనానికి, సగం నీకు."

నవ్వి, ముంగురులు సవరించుకోవడానికి చెయ్యెత్తింది. గాజులు మణికట్టు దగ్గర్నించి జర్రున మోచేతి దాకా జారాయి.

"గాజులు పెద్దవయ్యాయేంటండీ?"

"చెమ్మకి సాగాయి."

"గాజు సాగుతుందా?"

"ఈ చెమ్మకి రాళ్లే సాగుతుంటే గాజెంత."

కాసేపు కప్పు వంక చూసి, "అయితే బొమ్మని బొద్దుగానే చెయ్యండి. అందరూ చూస్తారు. పొట్ట మాత్రం కాస్త తగ్గించండి" అంది.

తగ్గించలేదు. రెండు బుగ్గలూ, గడ్డం కింద ఆ మడతా, అన్నీ పెట్టాను. వెల్లకిలా పడుకోబెడితే చిన్న గుమ్మటంలా వచ్చింది. చూపిస్తే మురిసిపోయింది. ఉన్నదున్నట్టు చేసి చూపిస్తే అది అద్దమే అవుతుంది. ఇంట్లో అద్దం ఉండకూడదని రూలు కదా.

నమోదు 4

ఇవాళ అరుగు మీద మా వంతు.

పరాయివాళ్ల చిట్టిల్లులోకి తొంగిచూసే ముందు దగ్గాలి. పడకగది అయితే రెండుసార్లు. అట్టపెట్టెల ముందు వంగి ఖళ్లు ఖళ్లున దగ్గే పెద్దమనుషులతో అరుగంతా ఆస్పత్రిలా ఉంటుంది. విశ్వేశ్వరం గారు పద్ధతిగా రెండుసార్లు దగ్గి, వంగారు.

"ఈ ఇంట్లో కాపురం ఎందరు?"

"ఇద్దరమండి."

"బొమ్మలు మూడున్నాయి."

"మూడోది మంచం కింద ఉందండి. దాన్ని పట్టించుకోకండి."

ఇంకాస్త వంగారు. మంచం కింద బట్టతల, కళ్లజోడు, చంకలో కాగితాల కట్ట.

"ఎవరిది?"

"తమరేనండి. తనిఖీకి వచ్చారు."

అరుగంతా నవ్వింది. ఆయన కళ్లజోడు తీసి, తుడిచి, పెట్టుకుని, "నమూనాలో అదనపు మనిషి ఉన్నాడు. చెల్లదు. మళ్లీ వంతు వచ్చినప్పుడు తెచ్చుకో" అన్నారు.

"తీసి పారేస్తానండి, ఇదిగో."

"మళ్లీ వంతుకి."

మళ్లీ వంతంటే మిగతా వరసలన్నీ తిరిగి రావాలి. నవ్వినవాళ్లు నవ్వి ఎవరిళ్లకి వాళ్లు పోయారు. చిట్టిల్లు నెత్తిన పెట్టుకుని మెట్లు దిగాను. విశ్వేశ్వరం గారిని దారిలో తినేశాను. ఉప్పు తక్కువైంది.

తాయారుకి చెబితే ఒకటే నవ్వు. నవ్వుకి ఇసుక సంచి ఊగింది, నొప్పికి పళ్లు బిగబట్టింది, మళ్లీ నవ్వింది. "మంచం కింద ఏం చేస్తున్నాడని అడిగారా?" అంది.

నమోదు 5

వంతు వచ్చింది. ఈసారి బొమ్మలు రెండే. నా బొమ్మకి చేతులు కట్టించి మరీ మూల నిలబెట్టాను.

పొద్దు అరుగు మీదికి దిగింది. అట్ట నడవ దాటింది, వంటగది దాటింది, నేను కోసిన కన్నంలోంచి లోపలికి దూరింది. సన్నని పసుప్పచ్చని పట్టీ. అది మెల్లగా జరిగి పిండి తాయారు పొట్ట ఎక్కింది. అక్కడినుంచి బుగ్గల మీదికి. చూస్తూ ఉంటే నాకు మాట రాలేదు. నాకు మాట రాకపోవడం చూసి పక్కవాళ్లు కంగారుపడ్డారు.

విశ్వేశ్వరం గారు మనసులో ఏమీ పెట్టుకోలేదు. పుల్ల పెట్టి కొలిచారు, రాసుకున్నారు. ఆఖర్న, "మీ ఆవిడ ఇప్పుడు ఈ పాటిగా ఉందా?" అన్నారు.

నా చుట్టూ వరస జనమంతా ఉన్నారు. వాళ్లలో సగం మంది సాయంత్రం మా వంటగదిలో నిలబడి, గోడ ఇవతల నుంచే తాయారుని పలకరించి, నేనన్న మాట ఆవిడ చెవిన వేసి పోతారు.

"ఉందండి."

"సంతోషం. ఆవిడ చేతి అట్లు తిని చాలా రోజులైంది" అని సంతకం పెట్టేశారు.

నమోదు 6

మేస్త్రీ వచ్చి కన్నం కొట్టి పోయాడు. చిట్టిల్లులో కొలిచిన ఎత్తుకి వెంట్రుకవాసి తేడా రాకుండా కొట్టాడు. పని మెచ్చుకోవలసిందే.

పొద్దు వేళయింది. పొయ్యి దగ్గర నిలబడితే నా భుజం పక్కనించి వచ్చి కన్నంలోకి దూరింది. లోపల దుమ్మంతా బంగారం పొడిలా లేచింది. నేను గబగబా లోపలికి వెళ్లాను.

పొద్దు తాయారు మీదుగా పోతోంది. మీద పడటం లేదు. ఆవిడకి జానెడు పైనించి గాల్లో నడిచి వెళ్లి వెనకగోడకి తగులుతోంది. పిండి తాయారు పొట్ట ఉండవలసిన చోట ఖాళీ గాలి వెలుగుతోంది. దాని కింద అసలు తాయారు పలకకి అంటుకుపోయి ఉంది. పైగా మొదటి వంతుకీ రెండో వంతుకీ మధ్య పొద్దు కూడా తన దారిన తను జరిగింది. ఆ రోజులు ఎవరి వల్ల పోయాయో మంచం కింద ఉన్నాయన్నే అడగాలి.

"వచ్చిందా?" అంది తాయారు.

"వచ్చింది."

"తగల్లేదే?"

"కొత్త కదా. దారి తెలియాలి."

ఆవిడ చెయ్యెత్తి వెలుగులో పెట్టింది. ఇటు తిప్పి చూసుకుంది, అటు తిప్పి చూసుకుంది. వేళ్లు విడదీసి చూసుకుంది. నేను చెంబు సర్దుతున్నట్టు నటించాను. చెయ్యి దించి, దుప్పటి కింద పెట్టుకుంది.

"గాజులు బాగానే సాగాయండీ" అంది.

నమోదు 7

పొద్దు ఇంకా పైకి పోతోంది. నిన్న వెనకగోడ మీది మేకు దగ్గర ఉన్నది ఇవాళ మేకు దాటింది.

విశ్వేశ్వరం గారి దగ్గరికి వెళ్లి ఎదురుగోడ అద్దాన్ని ఒక్క వేలెడు కిందికి వంచమని అడిగాను. ఈసారి జోకులు వెయ్యలేదు. అదే ఆయనకి అనుమానమైంది, నాతోపాటు ఇంటికి వచ్చారు. గుమ్మంలో దగ్గారు. తాయారుని చూశారు. బయటికి వచ్చాక చాలాసేపు కళ్లజోడు తుడుచుకున్నారు.

"బొమ్మ..." అన్నారు.

"పాత బొమ్మండి."

"అద్దం వేలెడు వంచితే దాని నీడ పన్నెండో వరస అద్దం మీద పడి, అక్కడి బడి చీకటైపోతుంది గవర్రాజూ. అరవైమంది పిల్లలు."

తిట్టుకుందామంటే ఆయన మాటలో తిట్టవలసింది కనబడలేదు.

కన్నం మళ్లీ కొట్టాలంటే మళ్లీ చిట్టిల్లు, మళ్లీ వంతు. అప్పటికి పొద్దు మళ్లీ జరుగుతుంది. పొద్దుని కిందికి దించలేనప్పుడు తాయారునే పైకి లేపాలి. పలక వాలకుండా నలుగురూ సమంగా ఎత్తి కింద బొంతలు వేస్తే ఫరవాలేదని డాక్టరమ్మ అంది. ఇవాళా రేపూ అయితే అందుతుంది. ఎల్లుండికి ఎన్ని వేసినా లాభం లేదు. మా ఇంట్లో ఉన్నవి రెండే బొంతలు.

టముకు తీసుకుని నడవలోకి వెళ్లాను. "వరస జనానికి మనవి. తాయారు పలక కిందికి బొంతలు కావాలి. ఉన్నవాళ్లు ఇప్పుడే తెచ్చి ఇవ్వాలి."

తలుపుల్లోంచి నవ్వులు వినిపించాయి. "మొన్న ఊరికే బెల్లం ఇస్తన్నారని ఉత్తుత్తి టముకేసి గిన్నెలు పట్టించి మెట్లన్నీ ఎక్కించావు. ఇప్పుడు బొంతలా?" అన్నాడు ఒకడు. ఇంకొకడు చాలా వినయంగా చేతిరుమాలు తెచ్చి నా చేతిలో పెట్టి, "పరుపు కిందికి" అన్నాడు. ఇంకో రోజు అయితే ఆ జోకు నేనే వేసేవాణ్ని. రెండోసారి టముకేశాను, మూడోసారి వేశాను. మూడోసారికి చప్పట్లు కూడా కొట్టారు.

నమోదు 8

పొద్దున్నే సూరమ్మక్క వచ్చింది, నా టముకు చప్పుడుకి మనవరాలు నిద్రపోలేదని తిట్టడానికి. తిట్టుకుంటూనే పడకగది గుమ్మం దాకా వచ్చి, అలవాటుగా దగ్గి, లోపలికి చూసింది.

తిట్టు ఆగిపోయింది.

"రా వదినా. ఎలా ఉన్నాను?" అంది తాయారు.

సూరమ్మక్క ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. "ఎలా ఉంటావేంటే, దున్నపోతులా ఉన్నావు. కూకోబెట్టి మేపుతున్నాడు కదా" అంది.

బయటికి వచ్చి నా చొక్కా పట్టుకుంది. "ఎన్నాళ్లనించిరా ఇలాగ? ఒక్క ముక్క సెప్పవేంట్రా?"

"చెప్పానక్కా. మూడుసార్లు టముకేశాను."

"నీ టముకు ఎవడు నమ్ముతాడ్రా సచ్చినోడా" అని నడవలోకి వెళ్లి నిలబడింది. టముకు లేదు, ఏమీ లేదు. "బొంతలు తెండి" అని ఒక్క కేక. నిన్న నవ్విన తలుపులన్నీ తెరుచుకున్నాయి. బొంతలు, దుప్పట్లు, ఒకరింటి గుమ్మం తెర. చేతిరుమాలు ఇచ్చినవాడు తన పరుపే మడిచి నెత్తిన పెట్టుకు వచ్చాడు, నా మొహం చూడకుండా లోపలికి పోయాడు. నలుగురు పలక ఎత్తారు, మిగతావాళ్లు కింద సర్దారు. ఇసుక సంచి కదలకుండా నేను పట్టుకున్నాను.

అప్పుడు పొద్దు వచ్చింది. ముందు తుంటి మీద పడింది. అక్కడినుంచి పొట్ట మీదికి, గొంతు మీదికి, చెంప మీదికి. తాయారు కళ్లు మూసుకుంది. రెప్పలు ఎర్రగా వెలిగాయి.

"ఎలా ఉందే?" అంది సూరమ్మక్క.

"అట్లపెనం ముందు నిలబడ్డట్టుంది వదినా" అంది తాయారు.

నమోదు 9

మర్నాడు పైన దుమ్ము లేచిందని అద్దాలు ముడిచేశారు. వరసంతా గుడ్డిదీపాలతో వండుకుంది. దుమ్ము తగ్గి అద్దాలు విప్పేసరికి మా కన్నంలోంచి వచ్చే పొద్దు గోడా కప్పూ కలిసే మూలకి చేరింది. ఇంకా ఎత్తితే తాయారు ముక్కు కప్పుకి తగులుతుంది.

"మళ్లీ కిందికి ఎప్పుడు దిగుతుందండీ?" అని డాక్టరమ్మని అడిగాను.

"ఉత్తరాయణం బాగా ముదిరాక."

"అప్పటిదాకా ఎముక ఆగుతుందా? మళ్లీ నిలబడి అట్లు పోస్తుందా?"

"చూద్దాం" అంది. చాలా చదువుకున్న మనిషని ముందే రాశాను.

చలి మొదలైంది. జనం ఒక్కొక్కరే వచ్చి, గుమ్మంలో దగ్గి, నేల చూపులు చూస్తూ తమ బొంతలు అడిగి పట్టుకుపోయారు. వాళ్ల పిల్లలకీ చలి ఉంటుంది కదా. తాయారు రోజుకి కాస్త చొప్పున కిందికి దిగింది. సూరమ్మక్క బొంత మాత్రం ఇంకా కిందే ఉంది. అడిగితే, "అది చింకిది, నాకెందుకూ" అంటుంది. చింకిది కాదు.

నమోదు 10

కప్పు మీది పొద్దు కూడా పోయింది. పని అయిపోయిందని కమిటీవాళ్లు చిట్టిల్లు తిరిగి పంపించారు. దాన్నేం చేయాలో తోచక నడవ పిట్టగోడ మీద పెట్టాను. అక్కడ ఇంకా కాస్త పొద్దు తగులుతుంది. ఎటు తిప్పితే కన్నంలోకి దూరుతుందో చూసి అటు తిప్పాను. అట్టపెట్టె కాబట్టి తిప్పగలిగాను.

తాయారు రోజూ అడుగుతుంది. "ఇవాళ ఆవిడకి తగిలిందా?"

"తగిలింది. చెమట కూడా పట్టింది."

"ఏం చేస్తోంది?"

"ఏం చేస్తుంది, పడుకుంది. విశ్వేశ్వరం గారు వచ్చి రెండుసార్లు దగ్గినా లేవలేదు."

ఇవాళ చూస్తే బొమ్మకి చీమలు పట్టాయి. దులిపాను గాని, అప్పటికే పొట్ట సగం ఖాళీ చేశాయి. అదీ చెప్పాను. దాచడం విసుగొచ్చింది.

"పోనీలెండి. పొట్ట తగ్గించమని నేనే కదా అన్నాను" అంది.

ఈ దినచర్య రేపు కమిటీకి ఇవ్వాలి. కాబట్టి యావన్మంది సభ్యులకూ, వారి కాగితాల కట్టలకూ ఆఖరుసారి టముకు వేసి చాటునదేమనగా: ఎనిమిదో నమోదులో బొంతలు పరిచిన తరవాతి ముక్క నా కల్పన. బొంతలు నిజం, పలక ఎత్తడం నిజం, సూరమ్మక్క తిట్లు నిజం. పొద్దు రాలేదు. దుమ్ము లేచింది మర్నాడు కాదు, ఆ పూటే. మేమంతా సర్ది, చేతులు దులుపుకుని, కన్నం వంక చూస్తూ నిలబడ్డాం. అది చీకటిగానే ఉంది. చాలాసేపటికి సూరమ్మక్క దగ్గింది. ఎక్కడికీ తొంగిచూడటం లేదు, ఊరికే దగ్గింది. తరవాత అందరూ వెళ్లిపోయారు.

ఇచ్చేముందు మొత్తం తాయారుకి చదివి వినిపించాను. ఎనిమిదో నమోదు దగ్గర ఆపింది.

"అట్లపెనం ముందు నిలబడ్డట్టుందని నేనెప్పుడన్నానండీ?"

"అనలేదు."

"కొట్టేస్తారా?"

"కొట్టెయ్యమంటావా?"

కప్పు వంక, పొద్దు ఆఖరుసారి కనబడిన మూల వంక చూస్తూ ఆలోచించింది.

"ఉంచండి. పెనం బాగా కాలిందని కూడా రాయండి" అంది.